ఐటీలో సీటొచ్చింది, సీఎస్‌ఈకి స్లైడింగ్ పెట్టాలా వద్దా?

సాగర్‌కాలువ
అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లా. ఈఏపీసెట్‌లో ర్యాంకు ఇరవై వేలు దాటింది. చివరి విడత కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ శివారులో ఒక అటానమస్ (సిలబస్ సొంతంగా పెట్టుకునే) కాలేజీలో బీటెక్ ఐటీలో కన్వీనర్ సీటు వచ్చింది, జేఎన్‌టీయూహెచ్ కిందే. నాకైతే బాగానే ఉంది కానీ నాన్న ఒకటే పోరు. "ఐటీ అంటే కంప్యూటర్లు రిపేరు చేసే కోర్సంట, కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)కి మార్పించుకో" అని షాపుకొచ్చిన ఎవరో చెప్పారట. మాది ఎరువుల షాపు, రోజుకి వంద మంది వస్తారు, వందమందీ కౌన్సెలింగ్ నిపుణులే.

ఇప్పుడు ఇంటర్నల్ స్లైడింగ్, అంటే అదే కాలేజీలో ఖాళీ ఉన్న ఇంకో బ్రాంచ్‌కి మారడం, పెట్టుకోవచ్చంటున్నారు. సీఎస్‌ఈ ఖాళీ లేకపోయినా సీఎస్‌ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్), సీఎస్‌డీ (డేటా సైన్స్) రావచ్చట. నా డౌట్లు: మారితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందా (మేం బీసీ-డి)? ఐటీకీ సీఎస్‌ఈకీ చదువులో నిజంగా తేడా ఉందా? క్యాంపస్ కంపెనీలు ఐటీ వాళ్లని రానివ్వవా? దయచేసి "ఏ బ్రాంచైనా ఒకటే, కష్టపడాలి" అని మాత్రం చెప్పకండి, ఆ మాట విని విని చెవులు తూట్లు పడ్డాయి.

రికార్డు_రాసేవాడు
థర్డ్ ఇయర్ ఐటీ, నేనూ జేఎన్‌టీయూహెచ్ కింద అటానమస్ కాలేజీనే. తమ్ముడూ, మొదటి సంవత్సరం అందరికీ దాదాపు ఒకటే, లెక్కలు (ఎం1, ఎం2), సీ ప్రోగ్రామింగ్, ఫిజిక్సో కెమిస్ట్రీయో, ఇంగ్లిష్ ల్యాబు, ఇంకా ఆ ఇంజనీరింగ్ డ్రాయింగ్. రెండో సంవత్సరంలో డేటా స్ట్రక్చర్స్, జావా, డీబీఎంఎస్ (డేటాబేస్‌లు), ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్. పక్క సెక్షన్ సీఎస్‌ఈ వాడి నోట్సే మేం జిరాక్స్ తీసుకుంటాం, మిడ్‌కి ముందు రాత్రి వాడు మా దగ్గర తీసుకుంటాడు. తేడా అంటూ కనిపించేది థర్డ్ ఇయర్ నుంచి. మా కాలేజీలో సీఎస్‌ఈకి ఆటోమాటా, కంపైలర్ డిజైన్ రెండూ వేరే వేరే సబ్జెక్టులు, మాకు రెండూ కలిపి ఒక్కటే. ఆ చోట్లో మాకు వెబ్ వైపు ఒకటి ఎక్కువ. అంతకుమించి చెప్పుకోదగ్గ తేడా నాకైతే కనబడలేదు.

నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో రెండు బ్రాంచ్‌ల సిలబస్ పుస్తకాలూ పీడీఎఫ్‌లో ఉంటాయి, పక్కపక్కన పెట్టుకుని చూడు. అటానమస్ కాబట్టి మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఏం పెట్టిందో మా మాటల్లో దొరకదు.

సాగర్‌కాలువ
థాంక్స్ అన్నా. తమ్ముడిని కాదు, చెల్లిని 🙂

సప్లీమాస్టర్
రిపేరు కోర్సు అయితే బాగుండేది, ఫోర్త్ ఇయర్ అయిపోవస్తున్నా నాకు ఇంట్లో ప్రింటర్ బాగుచేయడం రాదు. బీటెక్ చదువుతున్నావు ఇదీ రాదా అని మా పెదనాన్న చూసే చూపుకి బ్రాంచ్‌తో సంబంధం లేదు, సీఎస్‌ఈ వాళ్లకీ అదే చూపు.

అమీర్‌పేట_అన్న
అందరూ తియ్యగా మాట్లాడుతున్నారు, నేను కొంచెం కారం కలుపుతా. సీఎస్‌ఈ దొరికే అవకాశం ఉంటే సీఎస్‌ఈ తీసుకోవాలి, ఇందులో చర్చ ఏముంది? కొన్ని కంపెనీలు మొదటి రౌండులో సీఎస్‌ఈ అని మాత్రమే రాస్తాయి. మా బ్యాచ్‌లో అలా చూశాను. ఐటీ వాళ్లు టీపీఓ (ప్లేస్‌మెంట్ ఆఫీసరు) చుట్టూ తిరిగి మమ్మల్ని కూడా కలపండి సార్ అని అడుక్కోవాల్సి వచ్చింది. చివరికి కలిపారు, అది వేరే సంగతి. కానీ అడుక్కోవడం ఎందుకు?

క్యూబికల్‌వాసి
అన్నా, చివరికి కలిపారని నువ్వే చెప్తున్నావు కదా.

నేను ఇంటర్వ్యూలు చేసే వైపు ఉన్నాను. క్యాంపస్‌కి వెళ్లినప్పుడు మా చేతికొచ్చే షీటులో సీఎస్‌ఈ, ఐటీ, చాలాసార్లు ఈసీఈ కూడా ఒకే వరుసలో ఉంటాయి. పెద్ద సర్వీసు కంపెనీలు పట్టించుకునేది పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లో అరవై శాతం ఉందా, పెండింగ్ బ్యాక్‌లాగ్ (పాస్ కాని సబ్జెక్టు) ఉందా అన్నవి. ఇంకో సంగతి, గేట్ పరీక్షలో సీఎస్ పేపర్ పూర్తి పేరే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. రెండు బ్రాంచ్‌లకీ పేపరు ఒకటే. ఎంటెక్‌కైనా, గేట్ స్కోరు చూసే ప్రభుత్వ రంగ సంస్థలకైనా ఆ ఒక్క స్కోరే.

ఇక ఇంటర్వ్యూలో ఏం జరుగుతుందో ఒక ముక్క చెప్తా. నేను ఎప్పుడూ ఒకే చిన్న ప్రశ్న అడుగుతాను. ఉద్యోగుల టేబుల్, మూడే కాలమ్‌లు: ఐడీ, పేరు, మేనేజర్ ఐడీ. తమ కింద ఎవరూ పనిచేయని వాళ్ల పేర్లు తీసే ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాయమంటాను. చాలామంది టకటకా "ఐడీ నాట్ ఇన్" అని రాసి బ్రాకెట్‌లో మేనేజర్ ఐడీలన్నీ సెలెక్ట్ చేస్తారు, అంటే ఆ జాబితాలో లేని ఐడీలు ఇమ్మని. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. రన్ చేస్తే ఒక్క వరుస కూడా రాదు! ఎందుకంటే అందరికన్నా పైనున్న బాస్‌కి మేనేజర్ ఉండడు, ఆ గడిలో నల్ (విలువ లేదని గుర్తు) ఉంటుంది. నల్‌తో దేన్ని పోల్చినా ఔననీ రాదు, కాదనీ రాదు, తెలియదు అని వస్తుంది. దాంతో ఆ షరతు ఒక్కరికి కూడా నెరవేరదు. నాట్ ఎగ్జిస్ట్స్ రాసినా, లోపలి క్వెరీలో నల్‌లని తీసేసినా సరిపోతుంది. ఇది రెండో సంవత్సరం డీబీఎంఎస్ ల్యాబు సరుకే. సున్నా వరుసలు వచ్చాక పిల్లలు ఏం చేస్తారన్నదే నేను చూసేది. కొందరు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటారు, కొందరు లోపలి క్వెరీని విడిగా రన్ చేసి చూస్తారు. ఆ రెండోరకం వాళ్ల బ్రాంచ్ ఏమిటో నేను కాగితం తిప్పి చూసిన గుర్తు లేదు.

తెల్లారిందా
ఇప్పుడు ఆ క్వెరీ ఏఐని అడిగితే రాసిచ్చేస్తుంది కదా అన్నా, ఇంకా ఇవన్నీ బట్టీ పట్టడం ఎందుకు? అసలు ఈ డిగ్రీకే ఇంకో నాలుగేళ్లలో విలువ ఉంటుందా అని నా టెన్షన్.

క్యూబికల్‌వాసి
అదీ ఒక్కోసారి నాట్ ఇన్ అనే రాసిస్తుంది తమ్ముడూ. అప్పుడు పట్టుకునేది ఎవరు? నాలుగేళ్ల తర్వాత మార్కెట్ ఎలా ఉంటుందో నాకు తెలిస్తే నేనీపాటికి ఉద్యోగం మానేసి జ్యోతిష్యం చెప్పుకునేవాడిని. వేరే దారం (థ్రెడ్) పెట్టుకో, ఇక్కడ చెల్లి స్లైడింగ్ గురించి అడుగుతోంది.

బోర్డుముందు
నేను సీఎస్‌ఈ, ఐటీ రెండు డిపార్ట్‌మెంట్లలోనూ పాఠం చెప్పాను. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. 2024లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కేంద్ర మండలి) ఒక్కో బ్రాంచ్‌లో సీట్ల మీద ఉన్న పరిమితి తీసేసింది. దాంతో చాలా కాలేజీల్లో సీఎస్‌ఈ సెక్షన్లు పుట్టగొడుగుల్లా పెరిగాయి. ఐటీ మాత్రం చాలాచోట్ల ఒకటి రెండు సెక్షన్ల దగ్గరే ఉండిపోయింది. సీఎస్‌ఈకి మారితే ఏ సెక్షన్‌లో పడతావు, ఆ సెక్షన్‌కి డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెప్తారు, ల్యాబులో సిస్టమ్‌కి ఒకరా ఇద్దరా, ఇవి బ్రాంచ్ పేరుకంటే ముందు అడగాలమ్మా. ఒక సెక్షన్‌కి పదిహేనేళ్ల అనుభవం ఉన్న మేడమ్ వస్తుంది, ఇంకో సెక్షన్‌కి నిన్ననే ఎంటెక్ పూర్తిచేసిన అబ్బాయి వస్తాడు. ఆ అబ్బాయి బాగా చెప్పొచ్చు కూడా, నేనూ అలాగే మొదలుపెట్టాను, కానీ అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు.

రెండోది ఎన్‌బీఏ, అంటే కోర్సు నాణ్యతకి ఇచ్చే గుర్తింపు. న్యాక్ కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ మాత్రం బ్రాంచ్ బ్రాంచ్‌కి విడిగా ఇస్తారు. కనీసం రెండు బ్యాచ్‌లు పాసై బయటికి వెళ్తే గానీ దానికి దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. సీఎస్‌ఎం, సీఎస్‌డీ లాంటివి మన దగ్గర మొదలైందే 2020లో, మొదటి బ్యాచ్ 2024లో బయటికొచ్చింది. కాబట్టి కొన్ని కాలేజీల్లో పాత ఐటీకి గుర్తింపు ఉండి, పేరు గొప్పగా వినిపించే కొత్త బ్రాంచ్‌కి ఇంకా ఉండకపోవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొడితే ఏ బ్రాంచ్‌కి ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది.

నాకైతే ఐటీ వదిలి సీఎస్‌ఎంకో సీఎస్‌డీకో మారడం అస్సలు నచ్చదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవాలంటే ఐటీలో ఉండి కూడా ఎలెక్టివ్‌గా తీసుకోవచ్చు. చాలా కాలేజీల్లో పద్దెనిమిది క్రెడిట్లు అదనంగా చేస్తే మైనర్ డిగ్రీ (అసలు బ్రాంచ్‌తో పాటు ఇంకో సబ్జెక్టులో గుర్తింపు) కూడా ఇస్తున్నారు.

ఫీజుల_లెక్క
రీయింబర్స్‌మెంట్ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. తెలంగాణలో బీసీలకి ర్యాంకు పదివేల లోపైతే పూర్తి ఫీజు, దాటితే 35,000 వస్తుంది, మిగతాది ఇంటి నుంచి కట్టుకోవాలి. నీది ఇరవై వేలు దాటింది కాబట్టి ఐటీలో ఉన్నా సీఎస్‌ఈకి వెళ్లినా అదే 35,000. కన్వీనర్ కోటా ఫీజు కాలేజీని బట్టి ఉంటుంది, ఒకే కాలేజీలో బ్రాంచ్ మారితే మారదు.

ఇంతకుముందు స్లైడింగ్ కాలేజీల చేతుల్లోనే ఉండేది, అలా మారినవాళ్లకి రీయింబర్స్‌మెంట్ ఇబ్బంది అయ్యేది. 2024 నుంచి కన్వీనరే (కౌన్సెలింగ్ నడిపే అధికారి) ఆన్‌లైన్‌లో పెడుతున్నారు, దాని ద్వారా మారితే పోదు. స్పాట్ అడ్మిషన్ (మిగిలిన సీట్లని కాలేజీయే నేరుగా నింపడం) మాత్రం వేరు, అందులో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. ఎవరైనా "స్పాట్‌లో సీఎస్‌ఈ ఇప్పిస్తాం" అంటే ఆ మాట అక్కడే ఆపెయ్.

ఇంకొకటి, స్లైడింగ్‌లో కొత్త బ్రాంచ్ అలాట్ అయిన క్షణం ఐటీ సీటు దానంతటదే రద్దవుతుంది. ఊరికే పెట్టి చూద్దాం, నచ్చకపోతే వెనక్కొద్దాం అంటే కుదరదు. నిజంగా వెళ్లాలనుకున్న బ్రాంచ్ తప్ప ఇంకేదీ ఆప్షన్లలో పెట్టకు.

సాగర్‌కాలువ
అక్కా (అన్నా?) ఇది చాలా పనికొచ్చింది. వెనక్కి రాలేమని తెలియదు. నేను నాలుగు బ్రాంచ్‌లు వరసగా పెట్టేద్దామనుకున్నా.

ఫీజుల_లెక్క
అక్కనే. ఈపాస్ (రీయింబర్స్‌మెంట్) దరఖాస్తు ఆలస్యం చెయ్యకు, ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవలో ఇప్పుడే పెట్టుకో.

ఫ్రిస్కో_బాబాయ్
అమెరికా కోణం నుంచి ఒక మాట. రేపు ఎంఎస్‌కి వస్తే బీటెక్ ఐటీ అని అడ్మిషన్ దగ్గర అడ్డు పెట్టిన యూనివర్సిటీ నా ఎరుకలో లేదు, వాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో అల్గారిథమ్స్, ఓఎస్, డిస్క్రీట్ మ్యాథ్స్ ఉన్నాయా అని చూస్తారు. ఇక్కడ చదివే మాస్టర్స్ ఐటీలో అయినా అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నదే, పన్నెండు నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి), దానిమీద ఇంకో ఇరవైనాలుగు నెలల పొడిగింపు. వీసాల సంగతి ఎప్పుడెలా మారుతుందో ఎవరి చేతిలోనూ లేదు, అందుకని ఇప్పుడే అమెరికా లెక్కలు వేసుకుని బ్రాంచ్ ఎంచుకోవద్దు.

మేం 2004లో చేరినప్పుడు మా ఊళ్లోనూ ఇదే గోల. 2008లో ఐటీ వాళ్లూ సీఎస్‌ఈ వాళ్లూ ఒకే హాస్టల్ వరండాలో కూర్చుని జాయినింగ్ డేట్ మెయిల్ కోసం ఎదురుచూశాం. ఆఫర్ లెటర్ ఉంది, పిలుపు లేదు. అమెరికాలో బ్యాంకులు కూలితే ఇక్కడ మనకి జాయినింగ్ ఆగుతుందని ఏ సిలబస్‌లోనూ లేదు మరి.

మధురవాడ
నాది వేరే దారి కాబట్టి చెప్తున్నా. ఏపీలో డిప్లొమా చేసి ఈసెట్ రాసి ఐటీ సెకండ్ ఇయర్‌లో నేరుగా చేరాను. ల్యాబుల్లో మాకు చెయ్యి తిరిగి ఉంటుంది, కానీ ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ లేకుండా వచ్చి ప్రాబబిలిటీ, డిస్క్రీట్ ముందు కూర్చుంటే చుక్కలు కనిపిస్తాయి. నీకు ఇంటర్ ఎంపీసీ లెక్కలు ఇంకా తడి ఆరలేదు, ఎం1ని తేలిగ్గా తీసుకోకు.

ల్యాబు గురించి కూడా. కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ సీ ల్యాబు అంటే డాస్‌బాక్స్‌లో పాత టర్బో సీ నీలం తెర, పైన కోనియో హెడరు, వాయిడ్ మెయిన్, మొదటి లైనులో క్లియర్ స్క్రీన్. ఎక్స్‌టర్నల్ పరీక్షకి వచ్చినాయన కూడా అదే అడుగుతాడు. అది రికార్డులో రాసెయ్, ఎవరితోనూ గొడవ పడకు, కానీ హాస్టల్‌కొచ్చి లైనక్స్‌లో జీసీసీ కంపైలర్‌తో అదే ప్రోగ్రాం మళ్లీ రాసి చూడు. కోనియో, క్లియర్ స్క్రీన్ లైన్ల దగ్గర ఎర్రర్లు వస్తాయి, అవి తీసేసి -Wall పెట్టి కంపైల్ చేస్తే వార్నింగులు కనిపిస్తాయి. ఆ వార్నింగులు చదవడం మొదలుపెడితే సగం సీ అక్కడే వచ్చేస్తుంది.

సప్లీమాస్టర్
రికార్డు గురించి అడిగితే నేను చెప్తా. అవుట్‌పుట్ ఎడమ పేజీలో పెన్సిల్‌తో, ప్రోగ్రాం కుడి పేజీలో పెన్నుతో. అవుట్‌పుట్ నిజంగా వచ్చిందా అని అడిగేవాళ్లు ఉండరు, మార్జిన్ కొట్టలేదేం అని అడుగుతారు.

అమీర్‌పేట_అన్న
సరే, సిలబస్ ఒకటే, ఒప్పుకున్నా. కానీ మన దగ్గర అసలు జబ్బు బ్రాంచ్‌లో లేదు, ఫోర్త్ ఇయర్ మేజర్ ప్రాజెక్టులో ఉంది. మా ఏరియాలో ప్రాజెక్టులు అమ్మే బోర్డులు చూసే ఉంటారు. జావా ప్రాజెక్టు ఒక రేటు, పైథాన్ మెషీన్ లెర్నింగ్ ఇంకో రేటు, డాక్యుమెంటేషన్‌తో కలిపి, వైవాలో ఏం అడుగుతారో కూడా వాళ్లే చెప్పి పంపుతారు. నలుగురి బ్యాచ్‌లో ఒకడికి రన్ చేయడం వస్తుంది, మిగతా ముగ్గురికీ పీపీటీలో తలా మూడు స్లైడ్లు. సీఎస్‌ఈ అయినా అంతే, ఐటీ అయినా అంతే. అదే ప్రాజెక్టు రెజ్యూమెలో పెట్టుకుని కంపెనీకి వెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చెల్లీ, అట్టెండెన్స్ యాప్ లాంటిది చిన్నదైనా సరే సొంతంగా చేసి గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి అందరికీ చూపించే సైట్) పెట్టు.

క్యూబికల్‌వాసి
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మీ ఎరువుల షాపు అప్పు ఖాతాలే ఒక ప్రాజెక్టు. ఏ రైతు ఎన్ని బస్తాలు తీసుకున్నాడు, ఎంత కట్టాడు, పంట చేతికొచ్చాక ఎంత బాకీ. సగం బాకీ కట్టి మళ్లీ అప్పు తీసుకుంటే ఏ లెక్కలో వెయ్యాలి, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు రైతులుంటే ప్రైమరీ కీ (ఒక్కొక్కరినీ విడిగా గుర్తించే కాలమ్) ఏది పెట్టాలి, ఇలాంటి చిక్కులు కొన్న ప్రాజెక్టులో రావు. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడొచ్చు దాని మీద.

ఒక_నాన్న
పిల్లలందరూ నాన్నని ఆటపట్టిస్తున్నారు, మా వైపు కూడా వినండి. ఏటా అరవై డెబ్బై వేలు జేబులోంచి కట్టాలి, హాస్టల్ వేరే. మాకు సిలబస్ చదవడం రాదు, నలుగురు ఏది మంచిదంటే అదే మంచిదనుకుంటాం. 2001 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ పడిపోయినప్పుడు ఐటీ అన్న మాటకే భయపడిన రోజులున్నాయి, నా వయసు వాళ్లకి అది ఇంకా పోలేదు. అమ్మా, నాన్నతో వాదించకు. ఆయన్ని కాలేజీకి తీసుకెళ్లి ఐటీ డిపార్ట్‌మెంట్ హెచ్‌ఓడీ దగ్గర కూర్చోబెట్టు. పోయినేడు ఐటీ నుంచి ఎంతమందికి ఎక్కడ వచ్చిందో ఆయన్నే అడగనివ్వు. మా అమ్మాయి అదే చేసింది, తర్వాత నేను నోరెత్తలేదు.

బోర్డుముందు
ఆ లెక్క అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే కొన్ని కాలేజీలు మూడు ప్లేస్‌మెంట్లుగా చూపిస్తాయి. ఆఫర్లు ఎన్ని అని కాకుండా ఎంతమంది విద్యార్థులకి వచ్చింది, అందులో ఐటీ వాళ్లు ఎంతమంది, సగం మంది ఏ జీతం కన్నా ఎక్కువ తెచ్చుకున్నారు అని అడగమనండి. ఫ్లెక్సీ మీద ఫొటో వేసిన అత్యధిక ప్యాకేజీ ఒక్కడిదే.

ఈతపిల్ల
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను డిగ్రీలో బీసీఏ చేరాను, ఇంజనీరింగ్ ఫీజు కట్టలేక. ఈ దారం చదువుతుంటే నాదంతా వేస్ట్ అనిపిస్తోంది. ఏమైనా దారి ఉందా?

మధురవాడ
వేస్ట్ ఏంటి! మూడేళ్ల తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్, అది 2020 నుంచి రెండేళ్లే. మొత్తం ఐదేళ్లలో పీజీ చేతిలో ఉంటుంది. లేదా బీసీఏ చదువుతూనే ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ చూడు, జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫైయర్ దాటితే చాలు, మధ్యలో ఆపినా డిప్లొమా లాంటిది చేతికొస్తుంది. పాఠాలు ఆన్‌లైన్, పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ కూడా ఉంది.

ఫ్రిస్కో_బాబాయ్
అమెరికా ఆలోచన ఉంటే మాత్రం మూడేళ్ల డిగ్రీతో నేరుగా రావడం కష్టం. చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి. ఎంసీఏ చేసి వస్తే ఆ చిక్కు ఉండదు.

రికార్డు_రాసేవాడు
డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్) ఉంది ఈతపిల్లా, పాఠాలన్నీ ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష రాయాలి, వారం వారం అసైన్‌మెంట్లకి పాతిక శాతం, పరీక్షకి డెబ్బై ఐదు. ఖరగ్‌పూర్ వాళ్ల డీబీఎంఎస్ నేను అక్కడే విన్నా, మా క్లాసులో అర్థంకానిది అక్కడ అయింది. (మా సార్ ఈ దారం చదవరనే ధైర్యం.)

సాగర్‌కాలువ
అప్‌డేట్. శనివారం నాన్నా నేనూ కాలేజీకి వెళ్లాం. సీఎస్‌ఈకి ఎనిమిది సెక్షన్లు, ఐటీకి రెండే. ఐటీకి ఎన్‌బీఏ ఉంది, సీఎస్‌డీకి లేదు. హెచ్‌ఓడీ గారిని నాన్న మొదటి మాటే "సార్, ఇది రిపేరు కోర్సా?" అని అడిగేశారు, నేను టేబుల్ కింద దూరిపోదామనుకున్నా. ఆయన నవ్వి రెండు సిలబస్ పుస్తకాలూ ముందు పెట్టారు. నాన్న చదవలేదు కానీ సబ్జెక్టుల పేర్లు వేలుపెట్టి ఒక్కొక్కటీ పోల్చుకున్నారు. బయటికొచ్చాక "సగం మంది జీతం" ప్రశ్న అడగలేదని గుర్తొచ్చి మళ్లీ లోపలికెళ్లి ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడిగారు. వాళ్లు మెయిల్ చేస్తామన్నారు, ఇంకా రాలేదు.

స్లైడింగ్ ఆప్షన్ ఒక్కటే పెడదామన్నారు నాన్న, సీఎస్‌ఈ మాత్రం. నేను వద్దన్నా. ఇంకా రెండ్రోజులు టైముంది, ఇంట్లో చర్చ నడుస్తోంది. కానీ పోరు తగ్గింది.

ఈలోగా ల్యాప్‌టాప్ కొంటామంటున్నారు, 8 జీబీ ర్యామ్ సరిపోతుందా, 16 కావాలా?

క్యూబికల్‌వాసి
8తో తీసుకుని తర్వాత పెంచుకునే వీలున్న మోడల్ అయితే అదే చాలు. ర్యామ్ బోర్డుకి అతికించేసిన రకమైతే ఇప్పుడే 16 తీసుకో. ఎస్‌ఎస్‌డీ ఉందో లేదో చూడు. గేమింగ్ ల్యాప్‌టాప్ అని ఎవరైనా అంటే బరువు చేత్తో ఎత్తి చూసి చెప్పు, రోజూ బస్సులో మోసేది నువ్వే.

సప్లీమాస్టర్
ప్రింటర్ కూడా కొంటారా? మీ నాన్న నమ్మకం నిలబెట్టాలి మరి.